ఉబ్బసంతో పరుగెత్తడం: నీలం ఇన్‌హేలర్ ఒక్కటే ఎందుకు చాలదు

మీ ప్రశ్న ఇతరులకూ అర్థమయ్యేలా ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇవ్వాలనుకుంటున్నారు. కానీ రెండు కిలోమీటర్లు దాటేసరికి ఛాతీ పట్టేస్తోంది, ఆగిన కొద్దిసేపటికి పిల్లికూతలతో పాటు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. పరుగుకు ముందు, వెంటనే ఉపశమనం ఇచ్చే నీలం ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు తీసుకుంటున్నారు, ఈ మధ్య అది కూడా మునుపటిలా పనిచేయడం లేదు. ఇంట్లోవాళ్లేమో ‘ఆయాసం ఉన్నదానివి, నీకెందుకీ పరుగులు’ అంటున్నారు, మృగశిర కార్తె రోజు చేప ప్రసాదం ఇప్పిస్తామంటున్నారు. పరుగు మానేయాలా, కొనసాగించవచ్చా అన్నది మీ సందేహం.

కొనసాగించవచ్చు. అయితే ముందుగా ఒకటి రెండు నెలలు పరుగు దూరం పెంచడం గురించి ఆలోచించకుండా, ఉబ్బసాన్ని రోజు మొత్తం మీద అదుపులోకి తెచ్చుకోవాలి. నేను ఛాతీ వైద్యుడిని, నాకూ ఉదయం పూట పరుగెత్తే అలవాటు ఉంది. పరుగులో ఆయాసం వస్తోందని వచ్చేవారిలో ఎక్కువమందికి అసలు చిక్కు పరుగెత్తే ఆ అరగంటలో ఉండదు, మిగతా ఇరవై మూడున్నర గంటల్లో వైద్యం అందని ఊపిరి గొట్టాల వాపులో ఉంటుంది. మీరు రాసిన వివరాలు చూస్తే మీ విషయంలోనూ అదే అనిపిస్తోంది.

పరుగులో లోపల జరిగేదేమిటో తెలిస్తే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. ఆ కొద్దిపాటి గాలిని ముక్కు వెచ్చబరచి, తేమ చేర్చి, దుమ్ము వడకట్టి లోపలికి పంపుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది నిమిషానికి 60 లీటర్లు దాటుతుంది, బాగా వేగం పెంచితే 100 లీటర్లకు కూడా చేరుతుంది. అంత గాలి ముక్కుతో అందదు కాబట్టి నోరు తెరుస్తాం, పొడిగాలి నేరుగా లోపలి గొట్టాలకు తగులుతుంది. గాలికి తడిబట్ట ఆరినట్లు ఆ గొట్టాల లోపలి పొర మీది తేమ ఆరిపోతుంది. మిగిలిన పలుచని తడిలో లవణాల గాఢత పెరిగి, అక్కడ పొంచి ఉన్న మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రైన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఉబ్బసం సరిగా అదుపులో లేనివారిలో ఈ కణాలు ముందే రెచ్చిపోయి ఉంటాయి కాబట్టి కొద్దిపాటి ఎండుదనానికే స్పందిస్తాయి.

ఈ బిగుతు సాధారణంగా పరుగు ఆపిన తర్వాత 5 నుంచి 15 నిమిషాల మధ్య గరిష్ఠానికి చేరి, అరగంట నుంచి గంటన్నరలో దానంతటదే తగ్గుతుంది. మీకు ఆగిన తర్వాత దగ్గు తెరలు రావడం ఇందుకు సరిపోతోంది. కానీ సరిపోతోంది కదా అని పరీక్ష లేకుండా వదిలేయడం మంచిది కాదు, ఎందుకంటే పరుగులో ఊపిరి అందకపోవడానికి కారణాలు వేరే కూడా ఉంటాయి. కేవలం అలవాటు లేక వచ్చే ఆయాసం ఆగిన రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది, దగ్గు గానీ పిల్లికూతలు గానీ ఉండవు. ఇంకొందరికి స్వరపేటిక దగ్గర దారి ముడుచుకుంటుంది. ఇది వేగం పతాకస్థాయిలో ఉన్నప్పుడే వస్తుంది, గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో గరగరమనే శబ్దం వస్తుంది, ఆగగానే కొద్ది నిమిషాల్లో పోతుంది, ఇన్‌హేలర్‌కు లొంగదు. వారికి కావలసింది మందుల మోతాదు పెంచడం కాదు, స్పీచ్ థెరపిస్టు నేర్పే శ్వాస అభ్యాసాలు. ఏళ్ల తరబడి ఉబ్బసం మందులు వాడుతూ చివరకు స్వరపేటిక సమస్య అని తేలినవారు ఉన్నారు, ఉబ్బసంతో పాటు అది కూడా ఉన్నవారూ ఉన్నారు.

ఆడవారి విషయంలో నేను తప్పక చూసేది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంటే ఊపిరితిత్తులు ఎంత బాగున్నా రెండు కిలోమీటర్లకే ఆయాసం వస్తుంది. ఈ చిన్న రక్తపరీక్ష వెంటనే చేయించుకోండి. ఇక పరుగులో గుండెనొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం వంటివి ఎప్పుడైనా జరిగి ఉంటే ముందు గుండె వైద్యుడిని కలవాలి, అప్పటిదాకా పరుగు ఆపాలి.

ఉబ్బసం నిర్ధారణకు ఆస్పత్రిలో స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేస్తారు. అవసరమైతే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ఆపిన తర్వాత కొద్ది నిమిషాలకొకసారి ఊదించి చూస్తారు. మొదటి సెకనులో బయటకు వదలగలిగే గాలి 10 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే వ్యాయామంతో గొట్టాలు బిగుసుకుంటున్నట్లు లెక్క. ఇంట్లో వాడుకోవడానికి పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న ప్లాస్టిక్ పరికరం మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు. నిలబడి, గుండెనిండా గాలి పీల్చి, ఒక్క ఊపున బలంగా ఊదాలి. మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకెను రాసుకోవాలి. ఆరోగ్యం బాగున్న రోజుల్లో రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం ఇలా రాస్తే మీ అత్యుత్తమ అంకె తెలుస్తుంది. దానిలో 80 శాతం పైన ఉంటే క్షేమం, 50 నుంచి 80 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి, 50 కన్నా తగ్గితే వెంటనే వైద్యసహాయం తీసుకోవాలి. పరుగుకు ముందు, ఆపిన 5, 10, 15 నిమిషాలకు కూడా ఊది రాసుకుని వైద్యుడికి చూపిస్తే, మాటల్లో అరగంట చెప్పినా తెలియని సంగతి ఆ కాగితం చెబుతుంది.

ఇప్పుడు మీరు మీకే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గడచిన నాలుగు వారాల్లో పగటిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ వచ్చాయా? ఉబ్బసం వల్ల ఒక్క రాత్రయినా నిద్రలో మెలకువ వచ్చిందా? పరుగుకు ముందు తీసుకునేది కాక, నీలం ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ అవసరమైందా? ఉబ్బసం వల్ల ఏదైనా పని తగ్గించుకున్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా మీ ఉబ్బసం పూర్తిగా అదుపులో లేదని అర్థం, మూడు నాలుగింటికి అవునంటే అసలు అదుపులోనే లేదు. మీరు ఉత్తరంలో ‘రాత్రుళ్లు అప్పుడప్పుడు దగ్గుతో లేస్తాను, అది మామూలే’ అని రాశారు. అది మామూలు విషయం కాదు. మీరు రాసిన వాటన్నిటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించిన వాక్యం అదే.

నీలం ఇన్‌హేలర్‌లో ఉండేది సాల్బ్యుటమాల్. బిగుసుకున్న కండరాన్ని అది నిమిషాల్లో సడలిస్తుంది, ఆ ప్రభావం రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. కానీ లోపలి వాపును అది ముట్టుకోదు. పైగా రోజూ వాడేవారిలో ఆ మందుకు శరీరం అలవాటు పడి, పరుగులో అది ఇచ్చే రక్షణ బలమూ సమయమూ రెండూ తగ్గుతాయి. ‘మునుపటిలా పనిచేయడం లేదు’ అని మీరు గమనించినదానికి ఇదొక కారణం కావచ్చు. దీనిలో ప్రమాదం మరొకటి ఉంది. వెంటనే ఉపశమనం ఇస్తుంది కాబట్టి జబ్బు తగ్గిందని మనిషి నమ్ముతాడు, లోపల వాపు పెరుగుతూ పోతుంది. ఏడాదికి 200 పఫ్‌ల డబ్బాలు మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఖాళీ చేసేవారిలో తీవ్రమైన ఉబ్బస దాడుల ముప్పు పెరుగుతుందని, నెలకొకటి చొప్పున వాడేవారిలో ప్రాణాపాయం ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇలాంటి కారణాల వల్లనే ఉబ్బసం వైద్యానికి ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునే ‘గినా’ సంస్థ 2019లో తన మార్గదర్శకాలను మార్చి, పెద్దవారికి, కౌమార వయసు వారికి సాల్బ్యుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయవద్దని చెప్పింది.

దాని బదులు ఇప్పుడు ఎక్కువగా సూచిస్తున్నది బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. మన దేశంలో ఫోరాకార్ట్ వంటి పేర్లతో దొరుకుతుంది. ఇందులో ఫార్మోటెరాల్ కూడా సాల్బ్యుటమాల్ లాగానే నిమిషాల్లో గొట్టాలను తెరుస్తుంది, ఆ ప్రభావం ఎక్కువ గంటలు నిలుస్తుంది. బుడెసొనైడ్ వాపును తగ్గిస్తుంది. జబ్బు తీవ్రతను బట్టి దీన్ని రోజూ వాడమనవచ్చు, లేదా అవసరమైనప్పుడు, పరుగుకు ముందు మాత్రమే వాడమనవచ్చు. మీకు రాత్రి మెలకువలు ఉన్నాయి కాబట్టి రోజూ వాడవలసి వస్తుందని నా అంచనా. ఏ మోతాదు, ఎన్నిసార్లు అన్నది మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడు నిర్ణయించాలి. వాపు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక నాలుగు రోజులు వాడి తేడా కనిపించలేదని ఆపకూడదు, బాగుందనిపించిన రోజున కూడా ఆపకూడదు.

‘స్టెరాయిడ్’ అనే మాట వినగానే ఇంట్లో అందరూ వద్దంటారని నాకు తెలుసు. పీల్చే బుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. ఉబ్బసం ముదిరి ఆస్పత్రిలో చేరితే మాత్రల రూపంలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులు కాబట్టి అంకెకు అంకె పోల్చలేం, అయినా శరీరం మొత్తానికి చేరే మందులో తేడా ఎంత పెద్దదో ఊహించవచ్చు. పీల్చే మందుకు భయపడి, ఆయాసం వచ్చినప్పుడల్లా మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకునేవారిని, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం, ముఖం ఉబ్బడం వంటివన్నీ ఎక్కువగా ఆ మాత్రలతో, ఇంజెక్షన్లతో వచ్చే సమస్యలు. పీల్చే మందుతో సాధారణంగా వచ్చేది గొంతు బొంగురుపోవడం, నోటిలో తెల్లపూత. పీల్చిన వెంటనే నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు రావు.

మీకు ఇప్పటికే మాంటెలుకాస్ట్ మాత్ర రాసి ఉంటే అది కూడా వ్యాయామపు ఉబ్బసంలో కొంత పనిచేస్తుంది. అయితే దాని వల్ల కొందరిలో పీడకలలు, దిగులు, ప్రవర్తనలో మార్పులు వస్తాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రస్థాయి హెచ్చరిక జారీ చేసింది. అలాంటి మార్పు కనిపిస్తే వైద్యుడికి తప్పక చెప్పండి.

మందు ఎంత మంచిదైనా అది ఊపిరితిత్తుల దాకా చేరాలి. నా దగ్గరకు వచ్చేవారిని ‘మీరు రోజూ ఎలా తీసుకుంటారో ఒకసారి చేసి చూపించండి’ అని అడుగుతాను. చాలామంది డబ్బాను ఊపకుండానే నోట్లో పెట్టుకుంటారు, నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి గాలి పీలుస్తారు, అదీ ఒక్క ఊపున పీల్చి వెంటనే వదిలేస్తారు. మందు తెల్లని పొగలా పెదవుల పక్కనుంచి బయటకు రావడం నాకు కనిపిస్తూ ఉంటుంది. మిగిలింది నాలుక మీద, గొంతు వెనక భాగంలో పడుతుంది. సరైన పద్ధతి ఇది: మూత తీసి, డబ్బాను బాగా ఊపి, ముందు మీ ఊపిరి పూర్తిగా బయటకు వదలాలి. మౌత్‌పీస్‌ను పెదవులతో గట్టిగా మూసి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కాలి. నాలుగైదు సెకన్లపాటు అదే నెమ్మదితో పీలుస్తూ పోయి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అరనిమిషం ఆగి, మళ్లీ ఊపి తీసుకోవాలి. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం వాడితే ఈ సమయపాలన బెడద తగ్గుతుంది, మందు లోపలికి ఎక్కువ చేరుతుంది, కాబట్టి పెద్దవారికి కూడా నేను స్పేసరే వాడమంటాను. క్యాప్సూల్ వేసి పీల్చే రోటాహేలర్ రకానికి పద్ధతి పూర్తిగా వేరు. అందులో నెమ్మదిగా పీలిస్తే పొడి లేవదు, వేగంగా లోతుగా పీల్చాలి, దానిలోకి ఊదకూడదు. ఒక రకం నుంచి మరో రకానికి మారినవారు ఈ తేడా తెలియక మందు పనిచేయడం లేదనుకుంటారు. మీ పద్ధతిని ఈసారి వైద్యుడి ముందు చేసి చూపించండి, అడగకపోయినా మీరే చూపించండి.

ఇక పరుగు సంగతికి వద్దాం. వైద్యుడు పరుగుకు ముందు పఫ్ తీసుకోమంటే సాధారణంగా 10 నుంచి 15 నిమిషాల ముందు తీసుకోవాలి. ఆ తర్వాత వార్మప్. ఉబ్బసం లేనివారికి వార్మప్ మంచి అలవాటు అయితే, మీకు అది వైద్యంలో భాగం. పది నిమిషాలు చురుకైన నడక, నెమ్మది పరుగు చేసి, తర్వాత అరనిమిషం వేగంగా పరుగెత్తడం, ఒక నిమిషం నడవడం, ఇలా ఆరు నుంచి ఎనిమిది సార్లు చేయాలి. ఇలా చేస్తే దాదాపు సగం మందిలో గొట్టాలు కొంతసేపు, ఒక గంట నుంచి మూడు గంటల దాకా, మళ్లీ అంతగా బిగుసుకోని స్థితికి వస్తాయి. ఈ వెసులుబాటును పోటీ పరుగులు పరుగెత్తేవారు ఎంతోకాలంగా ఉపయోగించుకుంటున్నారు. అందరికీ ఇది ఒకేలా పనిచేయదు కనుక మీరు మూడు నాలుగు వారాలు చేసి, మీ పీక్ ఫ్లో అంకెలు చూసుకుని నిర్ణయించుకోండి. పరుగు చివర ఒక్కసారిగా ఆగిపోకుండా పది నిమిషాలు నడవండి.

మొదటి నెలంతా ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున 25 నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. పక్కన ఉన్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి, మాట మధ్యలో తెగుతుంటే వేగం తగ్గించాలి. ఇలా నెమ్మదిగా సాగడం పిరికితనం కాదని మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. శరీరానికి సాధన పెరిగేకొద్దీ అదే వేగానికి తక్కువ గాలి సరిపోతుంది. తక్కువ గాలి పీలిస్తే గొట్టాలు తక్కువ ఆరుతాయి, బిగుతూ తక్కువగా ఉంటుంది. క్రమబద్ధమైన వ్యాయామం చేసే ఉబ్బస రోగులలో జీవన నాణ్యత మెరుగుపడుతుందని పరిశోధనలు చూపించాయి. మీ ఇంట్లోవారికి చెప్పవలసిన మాట ఇదే: అదుపులో ఉన్న ఉబ్బసానికి పరుగు మేలే చేస్తుంది. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు 14వ ఏట ఉబ్బసం ఉన్నట్లు తేలింది. 2003లో లండన్ మారథాన్‌ను ఆమె 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2019 దాకా చెక్కుచెదరలేదు. ఆమె మందులు మానేసి ఆ పని చేయలేదు, క్రమం తప్పకుండా వాడుతూ చేసింది.

గాలి విషయంలో మన దగ్గర కొన్ని అపోహలు ఉన్నాయి. తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని అందరూ నమ్ముతారు. వానాకాలంలో అది చాలావరకు నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం నేల దగ్గరి చల్లని గాలి పైకి లేవక, రాత్రంతా పేరుకున్న పొగను, దుమ్మును పట్టి ఉంచుతుంది. ఆ నెలల్లో ఎండ వచ్చి గాలి కదిలిన తర్వాతే బయలుదేరడం మంచిది. చలి, ఎండుదనం, పొగ మూడూ తెల్లవారుజామునే కలుస్తాయి. దీపావళి మర్నాడు, భోగి మంటల ఉదయం, వరి కోతల తర్వాత గడ్డి తగలబెట్టే రోజుల్లో బయట పరుగు వద్దు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ చూసుకోవచ్చు. 101 నుంచి 200 వరకు ఉన్న గాలిని అందులో ‘మోడరేట్’ అంటారు. వినడానికి ఫరవాలేదనిపిస్తుంది, కానీ ఉబ్బసం ఉన్నవారికి ఆ స్థాయిలోనే ఇబ్బంది కలుగుతుందని ఆ మండలి వివరణలోనే ఉంది. నా సలహా 100 లోపు ఉంటే హాయిగా పరుగెత్తండి, 100 దాటితే నెమ్మదిగా, తక్కువ సేపు, 200 దాటితే బయట వద్దు. ఇథియోపియా పరుగు వీరుడు హైలే గెబ్రెసెలాసీకి కూడా ఉబ్బసం ఉంది. అప్పటికి మారథాన్ ప్రపంచ రికార్డు అతనిదే. అయినా 2008లో బీజింగ్ ఒలింపిక్స్ మారథాన్ నుంచి అక్కడి కాలుష్యానికి భయపడి తప్పుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో బెర్లిన్‌లో 2 గంటల 3 నిమిషాల 59 సెకన్లతో తన రికార్డును తనే తిరగరాశాడు. ఒలింపిక్స్ అంతటి అవకాశాన్నే ఆయన గాలి బాగాలేదని వదులుకున్నప్పుడు, ఒక మంగళవారం ఉదయపు సాధనను మనం వదులుకోవడం పెద్ద విషయమేమీ కాదు.

తేమ గురించి కూడా చెప్పాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల ఉక్కలో పరుగెత్తితే ఒళ్లు అలసిపోతుంది గానీ, తేమ గాలి గొట్టాలను ఆరనివ్వదు కాబట్టి ఉబ్బసానికి ఒక రకంగా అనుకూలమే. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద మీకు దగ్గు ఎక్కువ వస్తుందంటే అక్కడి పొడిగాలి కారణం కావచ్చు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి మొదటి చలికాలంలోనే ఉబ్బసం తిరగబెట్టిందని ఫోన్లు చేస్తుంటారు. గడ్డకట్టే చలిలో ముక్కు, నోరు కప్పేలా పలుచని గుడ్డ కట్టుకుంటే వదిలిన ఊపిరిలోని వేడి, తేమ పీల్చే గాలికి కొంత అందుతాయి.

మొక్కల విషయంలో మీరు పరుగెత్తే దారిని ఒకసారి పరికించి చూడండి. ఖాళీ స్థలాల పక్కన తెల్లని చిన్న పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి పడనివారు చాలామంది ఉన్నారు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఘాటైన వాసనతో పూసే ఏడాకుల పాల చెట్ల కింద కొందరికి ఊపిరి ఆడదు. ఒకే దారిలో ఇబ్బంది వచ్చి మరో దారిలో రాకపోతే, దారి మార్చడమే తేలికైన వైద్యం. జలుబు, జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఏ దారిలోనూ వద్దు. తీవ్రమైన ఉబ్బస దాడులకు వైరస్ జలుబులే అతి సాధారణ కారణం. పీక్ ఫ్లో తిరిగి మీ మామూలు అంకెకు వచ్చేదాకా ఆగండి.

పరుగెత్తేవారు పెద్దగా పట్టించుకోనిది నొప్పి మాత్రల విషయం. మోకాలు నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోవడం మామూలైపోయింది. ఉబ్బసం ఉన్న పెద్దవారిలో కొందరికి, ముఖ్యంగా ముక్కులో కండ పెరిగేవారికి, ఈ మాత్రలు గంట రెండు గంటల్లో ప్రాణాంతకమైన దాడిని తెప్పించగలవు. మీకు గతంలో అవి పడ్డాయో లేదో తెలియకపోతే వాటి జోలికి వెళ్లవద్దు, సాధారణ మోతాదులో పారాసిటమాల్ చాలావరకు సురక్షితం. అలాగే బీపీకి, మైగ్రేన్‌కు, చేతి వణుకుకు ఇచ్చే ప్రొప్రనొలాల్ కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. ఏ మందు రాయించుకున్నా ఉబ్బసం ఉందని ముందే చెప్పండి.

పరుగులో ఛాతీ పట్టేస్తే వెంటనే ఆగాలి. ‘ఆ మలుపు దాకా వెళ్లి ఆగుదాం’ అనుకోకూడదు. కూర్చుని, కొద్దిగా ముందుకు వంగి, నీలం ఇన్‌హేలర్ ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు పఫ్‌లు తీసుకోవాలి, స్పేసర్ ఉంటే దానితోనే. పడుకోకూడదు. 20 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తీసుకుని ఆస్పత్రికి బయలుదేరాలి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి ఆయాసం మాత్రం అలాగే ఉండటం, ఇవి ప్రాణాపాయ సూచనలు. చివరిది చూసి తగ్గిందనుకుని మోసపోతారు, నిజానికి గాలి కదలడమే తగ్గిపోయిందని అర్థం. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి, వాహనం వచ్చేదాకా పఫ్‌లు కొనసాగించాలి. ఇన్‌హేలర్ మీ ఒంటి మీదే ఉండాలి, పార్కింగ్‌లో ఉన్న కారులో ఉంటే లేనట్టే. పైగా ఎండలో కారు లోపలి వేడికి డబ్బా పాడవుతుంది.

చేప ప్రసాదం విషయం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఏటా ఎన్ని కుటుంబాలు ఎంత నమ్మకంతో వస్తాయో నాకు తెలుసు, ఆ నమ్మకాన్ని కించపరచే ఉద్దేశం నాకు లేదు. దానితో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఇంట్లోవారి తృప్తి కోసం వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఇన్‌హేలర్ ఆపవద్దు, ఆ జనంలో, దుమ్ములో నిలబడేటప్పుడు నీలం ఇన్‌హేలర్ చేతిలో ఉంచుకోండి. ప్రాణాయామం గురించి కూడా ఇంతే. నెమ్మదిగా చేసే శ్వాస అభ్యాసం మంచిదే, మందుకు బదులు మాత్రం కాదు.

ఆగస్టు పరుగుకు పేరు ఇవ్వాలా అని అడిగారు. ఈ వారంలో వైద్యుడిని కలిసి, మందులు మొదలుపెట్టి, వరుసగా నాలుగు వారాలు రాత్రి మెలకువ లేకుండా గడిస్తే ఇవ్వండి. ఆ దారిలో ఫ్లైఓవర్ల ఎక్కుడు ఎక్కువ, ఎక్కేటప్పుడు పీల్చే గాలి ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి మొదటి నుంచే ఎక్కుళ్లన్నీ నడిచే ఎక్కాలని నిర్ణయించుకోండి. సాధన రోజుల్లోనూ అలాగే అలవాటు చేసుకోండి. ఛాతీకి తగిలించుకునే పరుగు నంబరు కాగితం, అంటే బిబ్ వెనక మీ పేరు, ఉబ్బసం ఉందన్న మాట, వాడే మందు, ఇంట్లోవారి ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి. మీతో పరుగెత్తే స్నేహితురాలికి ఇన్‌హేలర్ మీ దగ్గర ఎక్కడ ఉందో, ఎలా వాడాలో ముందురోజే చూపించండి. పరుగు రోజు ఉదయం పీక్ ఫ్లో మీ అత్యుత్తమ అంకెలో 80 శాతానికి తగ్గినా, ముందు రాత్రి దగ్గుతో లేచినా, చేతిలో బిబ్ ఉన్నా సరే ఆ రోజు పరుగు వద్దు.